తిమింగలం పడితే ఊరంతా చేయాల్సిన పని

మా మేనల్లుడు మొన్న ఫోన్‌లో ఒక వీడియో పట్టుకొచ్చాడు. మంచు మీద నల్లగా, లారీకి రెండింతలు పొడుగున్న తిమింగలం, దాని తోకకి కట్టిన తాడు పట్టుకుని ఆడా మగా పిల్లలూ అందరూ వెనక్కి వాలి లాగుతున్నారు. "మావయ్యా, ఇదేటి, మన పెద్ద వల లాగినట్టే ఉంది, దీన్ని నిజంగా తింటారా?" అన్నాడు. తింటారు. అమెరికా ఉత్తరపు కొసన ఉన్న అలాస్కాలో ఇనూయిట్‌లనే జనం వెయ్యేళ్లకు పైగా తింటున్నారు, ఆ తిండి కోసం ఏడాది పొడుగునా పని చేస్తారు.

మాది భావనపాడుకీ కళింగపట్నానికీ మధ్యలో సముద్రం ఒడ్డున ఊరు. వీడికి చెప్పడం మొదలుపెడితే గంటన్నర పట్టింది, ఎందుకంటే వాడు ఈటె ఎలా విసురుతారు అన్న చోటే ఆగిపోయాడు, అసలు సంగతి అక్కడ లేదు. ఈటె విసరడం నిమిషం పని. దానికి ముందు కొన్ని నెలలు, దాని తర్వాత కొన్ని నెలలు పని ఉంటుంది, కూడు అక్కడ తయారవుతుంది. అది ఎలా చేస్తారో వరుసగా రాస్తున్నాను.

ఇక్కడ చేసి చూడమని మాత్రం కాదు. మన దేశంలో తిమింగలాలూ డాల్ఫిన్లూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఎంత రక్షణో వీటికీ అంతే, వేటాడితే జైలు. అలాస్కాలో ఆ ఊళ్ల ఆదివాసులకు తిండి కోసం కొన్నింటిని పట్టుకునే హక్కు చట్టంలోనే ఉంది, అదీ లెక్క పెట్టి.

ఇనూయిట్‌లంటే ఒక్క ఊరివాళ్లు కారు. గ్రీన్‌లాండ్, కెనడా, అలాస్కా ఉత్తరపు అంచు పొడుగునా ఉన్న జనం. చోటుని బట్టి తిమింగలం మారుతుంది, కొన్నిచోట్ల కొమ్ములాంటి పన్నున్న నార్వాల్, కొన్నిచోట్ల తెల్లటి బెలూగా, అలాస్కా ఉత్తరాన బోహెడ్. నేను చెప్పేది అలాస్కాలోని ఇనూయిట్‌లు, అంటే ఇనుపియాట్‌లు చేసే బోహెడ్ వేట, ఊరంతా చేయి వేస్తే గానీ కానిది అది. బోహెడ్ 18 మీటర్ల దాకా పెరుగుతుంది, చర్మం కింద కొవ్వు ఒకటిన్నర అడుగు మందం దాకా ఉంటుంది, రెండు వందల ఏళ్లు కూడా బతుకుతుంది. 2007లో పట్టిన ఒకదాని ఒంట్లో 1800ల చివర్లో తయారైన పేలుడు ఈటె ముక్క దొరికింది. మా ముత్తాత పుట్టకముందు ఒకడి చేతి నుంచి తప్పించుకుని, వందేళ్లకి పైగా తిరిగి, మళ్లీ దొరికిందన్నమాట.

పని పడవతో మొదలవుతుంది. దాన్ని ఉమియాక్ అంటారు, చెక్క చట్రానికి గడ్డం సీల్ అనే జంతువు తోళ్లు కుట్టి బిగిస్తారు. కుట్టేది ఆడవాళ్లు. ఈ కుట్టులో ఒక కిటుకు ఉంది, సూది తోలు మందంలో సగం దాకానే దిగాలి, అవతలికి రంధ్రం పడకూడదు. దారం కూడా మామూలు దారం కాదు, కారిబూ అనే దుప్పి నరాన్ని చీల్చి పేనింది, తడి తగలగానే ఉబ్బి తనే రంధ్రాన్ని పూడ్చేస్తుంది. మేకు లేకుండా దుంగలు తాడుతో బిగించి తెప్ప కట్టిన తాతల్ని చూసినవాళ్లకి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. ఇప్పటి రోజుల్లో కూడా తోలు పడవ ఎందుకంటే, అది తేలిక, మంచు మీద ఈడ్చుకుపోవచ్చు, పైగా మంచు గడ్డకి తగిలినా మోగదు. రేకు పడవ తగిలితే ఠంగుమంటుంది, తిమింగలం చెవికి అది చాలు. ఆకురాలే కాలంలో మంచు లేని నీళ్లలో చేసే వేటకి మాత్రం ఇంజన్ పడవలే వాడతారు, అక్కడేం పట్టింపు లేదు.

రెండో పని నేల కింద. మాంసం దాచేందుకు ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేలలోకి నిలువుగా గొయ్యి తవ్వుతారు, మూడు నాలుగు మీటర్లు, ఇంకా లోతువి కూడా ఉంటాయి, పైన చిన్న మూత, దిగడానికి నిచ్చెన. పేరు సిగ్లువాక్. వేటకి ముందే పాత మాంసమంతా తీసి పంచేసి, అడుగు గీకి, కొత్త మంచు పరిచి శుభ్రం చేసి పెట్టాలి. తిమింగలం తనంతట తనే శుభ్రమైన ఇంటికి వస్తుందని వాళ్ల నమ్మకం, గొయ్యి మురికిగా ఉంటే ఆ పడవకి దొరకదు. మా నాన్నమ్మ కొత్త వల దించే రోజు గుమ్మం కడిగి పసుపు రాసి గంగమ్మకి దండం పెట్టేది, ఆ లెక్కే. నమ్మకం పక్కన పెట్టినా పద్ధతి మంచిది, టన్నుల కొద్దీ మాంసం ఒక్కరోజున వచ్చి పడ్డాక ఎక్కడ పెట్టాలో అప్పుడు వెతుక్కుంటే కుళ్లిపోతుంది.

మూడోది దారి. ఒడ్డుని ఆనుకుని సముద్రం మీద మంచు గట్టిగా కట్టుకుని ఉంటుంది, దాని అవతలి అంచున నీళ్లు పాయలాగా తెరుచుకుంటాయి, తిమింగలాలు ఆ పాయలోంచే ఉత్తరానికి పోతాయి. ఒడ్డు నుంచి ఆ అంచు దాకా కొన్ని కిలోమీటర్లు. మధ్యలో మంచు పలకలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంటెత్తు గుట్టలై ఉంటాయి, వాటిని గునపాలతో గొడ్డళ్లతో కొట్టి బండి పోయేంత దారి చేస్తారు. విసుగు పుట్టించే పని, వీడియోల్లో ఎవరూ చూపించరు. కానీ గాలి మారి మంచు విరగడం మొదలైతే ప్రాణాలతో బయటపడే దారి కూడా అదే, అందుకని పెద్దవాళ్లు దారి విషయంలో రాజీ లేకుండా పని చేయిస్తారు.

ఇక వేట. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, ఇంజన్ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, సరిగ్గా మన పడవలు ఆగే రోజుల్లోనే అక్కడ ముఖ్యమైన వేట, ఏప్రిల్, మే నెలలు. పడవ యజమానిని ఉమియాలిక్ అంటారు. అతనిదే పడవ, అతనిదే ఖర్చు, జట్టుకి తిండి అతని ఇంటి నుంచే, అతని భార్యది కూడా అతనితో సమానమైన పెత్తనం. మీరు ఆ జట్టులో ఉన్నారనుకోండి, చేయాల్సింది ఇది. బట్టల పైన తెల్లటి పైచొక్కా వేసుకోవాలి, మంచులో కలిసిపోవడానికి. గుడారం అంచుకి కాస్త వెనక్కి. అరుపులు, చప్పుళ్లు వద్దు. ఒకరు నీళ్ల వైపు చూస్తుంటే ఇంకొకరు వెనక్కి చూస్తూ ఉండాలి, ధ్రువపు ఎలుగుబంటి వాసన పట్టి వస్తుంది. పడవ ముక్కు నీళ్ల వైపుకి పెట్టి సిద్ధంగా ఉంచి, కూర్చుని, చూడటం. రోజులు గడుస్తాయి. గాలి ఎటు, నీటి పోటు ఎటు, కాలి కింద మంచు పగులుతోందా, ఇది క్షణక్షణం గమనించడమే అక్కడి చదువు.

తిమింగలం దగ్గర్లో లేచినప్పుడు పడవ దింపి తెడ్లతో చప్పుడు లేకుండా దాని దగ్గరికి పోతారు. ముక్కు దగ్గర ఈటెవాడు ఉంటాడు, చుక్కాని దగ్గర పెద్ద. ఈటె మొనకి ఒక తమాషా ఉంది, చర్మంలో దిగాక తాడు బిగుసుకోగానే అడ్డంగా తిరుగుతుంది, చొక్కా గుండీ కంతలో అడ్డం పడ్డట్టు, ఇక ఊడిరాదు. ఆ తాడు చివర తేలే బుడగ. పాతరోజుల్లో సీల్ తోలు మొత్తంగా ఒలిచి గాలి ఊది కట్టేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ బుడగలు. బుడగ తిమింగలాన్ని అలసిపోయేలా చేస్తుంది, మునిగినా ఎక్కడుందో చెబుతుంది, చచ్చాక మునిగిపోకుండా పట్టి ఉంచుతుంది. 1800ల రెండో సగంలో అమెరికా వేట ఓడల నుంచి పేలుడు మందు పెట్టిన ఈటె తుపాకీ వచ్చింది, ఈటెతోపాటే లోపల పేలుతుంది, జంతువు త్వరగా చస్తుంది. పిల్లతో ఉన్న తల్లిని కొట్టకూడదు, అది ఖాయమైన నియమం. మంచు కిందకి దూరిపోయే దారి దగ్గరుంటే కూడా కొట్టకూడదు, దెబ్బ తగిలి తప్పించుకున్నది కూడా, ఇన్నే కొట్టాలన్న ఊరి లెక్కలోకే వస్తుంది. తెలిసిన ఈటెవాడు ఎన్నిసార్లు విసిరాడో కాదు, ఎన్నిసార్లు విసరకుండా ఆగాడో చూడాలి.

లెక్క అన్నాను కదా, దాని కథ ఒకటుంది. 1977లో అంతర్జాతీయ తిమింగల వేట సంఘం బోహెడ్‌లు బాగా తగ్గిపోయాయని, రెండు వేలకి మించి లేవని, ఈ వేట మొత్తం ఆపేయమంది. వేటగాళ్లు ఒప్పుకోలేదు. మీరు పాయలో కనబడినవే లెక్కపెడుతున్నారు, మంచు కిందనుంచి కూడా పోతాయి, మాకు వినబడుతుంది అన్నారు. అదే ఏడు అలాస్కా ఎస్కిమో వేల్ కమిషన్ అని తమ సంఘం పెట్టుకున్నారు, ఇప్పుడు అందులో 11 ఊళ్లున్నాయి. తర్వాత నీళ్లలో మైకులు దించి విన్న శాస్త్రవేత్తలకి వేటగాళ్ల మాటే నిజమని తేలింది. 2011 లెక్కకి ఆ తిమింగలాలు 16 వేలు దాటాయి. మన దగ్గర ముసలి సరంగు నీటి రంగు చూసి కవళ్లు ఎక్కడున్నాయో చెబితే చదువుకున్నవాళ్లు నవ్వుతారు, అందుకే ఈ కథ నాకు ఇష్టం.

చనిపోయాక ప్రార్థన చేసుకుంటారు, రేడియోలో కబురు చెబుతారు, ఉమియాలిక్ ఇంటి మీద జెండా ఎగురుతుంది, ఊళ్లోవాళ్లు బళ్లు వేసుకుని బయల్దేరతారు. మా వాడు చూసిన వీడియో ఇదే. మందమైన మంచు చూసుకుని, దానిలోకి గట్టిగా గూటాలు దిగేసి, కప్పీలు వేసి, తోకకి తాడు కట్టి లాగుతారు. మన హైలెస్సా లాగే ఒకరు కేక వేస్తే అందరూ ఒక్కసారి లాగాలి. జాగ్రత్త ఏంటంటే, తాడు వరసలో ఎప్పుడూ నిలబడకండి, కప్పీ దగ్గర అసలే వద్దు, బిగిసిన తాడు తెగితే కొరడాలా తిరుగుతుంది, అలా మనుషులు పోయిన సందర్భాలున్నాయి. పెద్ద వల లాగేవాళ్లకి కూడా ఇదే చెప్పాలి, ఇప్పుడు నైలాన్ తాళ్లు వచ్చాక మరీను.

ఇక్కణ్ణుంచి గడియారంతో పోటీ. చలి దేశం కదా, పాడవదు అనుకుంటాం. తప్పు. ఆ ఒకటిన్నర అడుగు కొవ్వు దుప్పటిలా వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, చచ్చిన తిమింగలం చుట్టూ మంచున్నా లోపల మాంసం తన వేడికి తనే చెడిపోతుంది, కొన్ని గంటలు చాలు. అందుకని ఎంత తొందరగా ఒడ్డుకి లాగి ఎంత తొందరగా కోసి గాలి తగలనిస్తే అంత మాంసం నిలుస్తుంది. పొడుగు కర్రకి బిగించిన కత్తులతో చర్మాన్నీ కొవ్వునీ కలిపి పలకలుగా గీస్తారు, కొక్కేలు తగిలించి లాగి ఒలుస్తారు, వెనకే మాంసం, ఆ తర్వాత నాలుక, గుండె, మూత్రపిండాలు, పేగులు. మే నెలలో అక్కడ రాత్రి పడదు, ఆపకుండా చేస్తారు.

పంపకం గురించి కాస్త ఎక్కువ చెబుతాను. ఎవరికి ఏ భాగమో ముందే నియమం ఉంది, కోసేటప్పుడే ఆ గీతల మీదే కోస్తారు. ముందు కొట్టిన జట్టుకి, తర్వాత లాగడానికి సాయం వచ్చిన పడవలకి, ఊరికి. ఉమియాలిక్‌కి పెద్ద భాగం వెళుతుంది, కానీ అది అతని తిండి కాదు, అందరికీ పెట్టడానికి అతని దగ్గరుంచేది. వెంటనే అతని ఇంటి తలుపులు తెరుస్తారు, ఊరివాళ్లెవరైనా వచ్చి తినొచ్చు. మాంసం అమ్మకం సరుకు కాదు. కొన్ని ఊళ్లలో తల ఎముకని తిరిగి సముద్రంలోకి తోసేస్తారు, ఆత్మ వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుందని. నా చిన్నప్పుడు పెద్ద వల లాగితే పడవకి వాటా, వలకి వాటా, మనుషులకి వాటా లెక్క తేలేముందే తాడు మీద చేయి వేసిన ముసలివాళ్లకీ పిల్లలకీ కూరకి చేపలు వేసేవాళ్లు. ఇప్పుడు ఐసు పెట్టెల వ్యాను ఒడ్డునే నిలబడి ఉంటుంది, ఆ కూర చేపలు పెట్టేవాళ్లు తగ్గారు.

జూన్‌లో, వేట అయ్యాక, తిమింగలం పట్టిన జట్లు నలుకతాక్ అనే పండగ చేస్తాయి. తోళ్లు కుట్టిన పెద్ద దుప్పటి అంచుల్ని చుట్టూ జనం పట్టుకుని మధ్యలో మనిషిని పైకి ఎగరేస్తారు, ఇంటికప్పు ఎత్తుకి పోతాడు. చూస్తుంటే నాకు విజయనగరం సిరిమాను గుర్తొచ్చింది, ఆకాశంలో మనిషి, కింద ఊరంతా. ఆ రోజు మళ్లీ పంపకం.

ఎలా తింటారో చెప్పకపోతే మా వాడు ఒప్పుకోడు. మొదటిది మక్‌తాక్, అంటే చర్మం, దాని కింద కొంత కొవ్వు కలిపిన ముక్క. చర్మం నల్లగా, అంగుళం మందం ఉంటుంది, కొవ్వు తెలుపో గులాబీ రంగో. దీన్ని ఊలూ అనే అర్ధచంద్రం కత్తితో కోస్తారు, మన కత్తిపీటకి చేప వస్తుంది, ఊలూ చేప మీదకి పోతుంది, అంతే తేడా. చర్మం గట్టిగా రబ్బరులా ఉంటుంది కాబట్టి ముందు అడ్డంగా నిలువుగా సన్నగా గాట్లు పెట్టి, తర్వాత చిన్న ముక్కలు చేయాలి, లేకపోతే దవడలు నొప్పి పుడతాయి. పచ్చిదే ఉప్పు వేసుకుని తింటారు. గడ్డకట్టిన మాంసాన్ని పల్చటి రేకుల్లా చెక్కి అలాగే నోట్లో వేసుకునేది క్వాక్. మక్‌తాక్‌ని ముక్కలు చేసి మెత్తబడేదాకా ఉప్పునీళ్లలో ఉడికించేది ఉనాలిక్, తిమింగలం పడిన ఇంట్లో వచ్చినవాళ్లకి ముందు పెట్టేవాటిలో అదొకటి. మసాలా లేదు, పులుపు లేదు, మనకి చప్పగా అనిపిస్తుంది. కానీ కూరగాయ మొలవని నేల మీద వాళ్లకి చిగుళ్ల జబ్బు రాకుండా కాపాడింది ఈ పచ్చి చర్మమే, దానిలో సి విటమిన్ బాగా ఉంది, ఉడికిస్తే కొంత పోతుంది. పచ్చిగా తినడం మొరటుతనం అనుకున్న ఓడల వాళ్లలో చాలామంది ఆ జబ్బుతోనే పోయారు.

మికిగాక్ అని ఇంకొకటుంది. మాంసం, కొవ్వు, నాలుక ముక్కలు ఒక పాత్రలో వేసి తన రక్తంలోనే పులియబెడతారు. చల్లటి చోట పెట్టాలి, రోజూ కలపాలి, గాలి తగలాలి. వారం, పది రోజులకి పులుపు తీపి కలిసిన రుచి వస్తుంది. ఎండ తగిలి వేడెక్కితే పాడైపోయినట్టే. గాలి తగలాలన్న మాట తేలిగ్గా తీసుకోకండి. 2002లో అలాస్కా పడమటి తీరంలో ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన బెలూగా చర్మాన్ని కోసి, గాలాడకుండా ప్లాస్టిక్ సంచుల్లో మూసిపెట్టి తిన్న 14 మందిలో 8 మందికి బాట్యులిజం వచ్చింది. ఊపిరి కండరాల్ని కూడా పడగొట్టే విషం అది. పాతకాలపు పద్ధతిలో లేనిది ఆ మూసిన సంచే.

ఇది చదివినప్పుడు నా పనే గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట ఉప్పు పెట్టి ఎండబెట్టిన కోనాం ముక్కలు, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికని, బస్సు టైమవుతోందన్న టెన్షన్‌లో ఎండ మీంచి తీసి వేడివేడిగానే ప్లాస్టిక్ కవర్లో బిగించి పంపేశాను. నాలుగో రోజు ఫోన్ చేశాడు, తెరిస్తే బూజు, తీపి కంపు. తమ్ముడు ఏమీ అనలేదు, మరదలు అంది. కాబట్టి మీరు చేసేటప్పుడు ఇలా చేయండి. పెద్ద చేపని వెన్ను వెంట చీల్చి తెరిచి, రక్తం పోయేదాకా కడిగి, నాలుగు కిలోల చేపకి కిలో లెక్కన ఉప్పు మడతల్లోకి కూడా రుద్ది, ఒకరాత్రి ఊరనిచ్చి, కారిన నీళ్లు పారబోసి, ఇసుక మీద కాకుండా కర్రల మీద కట్టిన వల మీద ఆరబెట్టాలి, కింద నుంచి కూడా గాలి తగులుతుంది, కుక్కలు ముట్టవు. ఎండ ఎంత ముఖ్యమో గాలి అంతకంటే ముఖ్యం. తీశాక నీడలో పూర్తిగా చల్లారనిచ్చి, కాగితంలోనో గుడ్డ సంచిలోనో కట్టండి. నెత్తళ్లకైతే ఇంత బాధ లేదు, రెండు మంచి ఎండలు చాలు.

చివరగా మన ఒడ్డు సంగతి. మనకీ తిమింగలాలు కొట్టుకొస్తాయి, 2023 జులైలో సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి చచ్చిన నీలి తిమింగలం వచ్చింది, ఊళ్లకి ఊళ్లు చూడటానికి పోయాయి. అలాంటిది కనబడితే ముందు అటవీ శాఖకో, మెరైన్ పోలీసులకో చెప్పండి. బతికుంటే తోక పట్టి లాగకండి, తల మీదున్న ముక్కు రంధ్రంలోకి నీళ్లూ ఇసుకా పోకుండా చూస్తూ, తడి గుడ్డలు కప్పి ఒంటి మీద నీళ్లు పోస్తూ ఉండండి, జనాన్ని దూరంగా పెట్టండి. చచ్చిపోతే కోయకండి, తినడం అసలు ఊహించకండి, ఎప్పుడు చచ్చిందో ఎందుకు చచ్చిందో మీకు తెలియదు, అలాస్కాలో ఆ బెలూగా తిన్నవాళ్ల కథ ఇందాక చెప్పాను. సెల్ఫీ కోసం మీదెక్కకండి, లోపల గ్యాసు పట్టి ఉబ్బి ఉంటుంది, పగలొచ్చు. తిమింగలం వాంతి అని ఎవడైనా మైనంలాంటి ముద్ద చూపించి లక్షలు వస్తాయని చెబితే వినకండి, అది అసలుదైనా దగ్గర పెట్టుకోవడమే నేరం. పంచాయతీవాళ్లు జేసీబీ తెప్పించి గొయ్యి తీసి పాతేదాకా చూడాలని ఉంటే, గాలి వచ్చే వైపు నిలబడి చూడండి, ఆ కంపు ఒకసారి బట్టలకి పట్టిందంటే మూడు ఉతుకులకి కూడా పోదు.